జనసమూహము వెలుపల, తల్లిదండ్రులు లోపల



ఈ నెల మార్కు సువార్త 5వ అధ్యాయము చివరి భాగమును కుటుంబమంతా కూర్చుండి చదువుకొనవలెనని మనవి. సమాజమందిరపు అధికారియైన యాయీరు ఇంటిలో పండ్రెండేండ్ల పిల్ల చనిపోయినది. ఇల్లంతా ఏడ్పులు, గగ్గోలు. ప్రభువు అక్కడికి వచ్చి మొదట చేసిన పని ఏమి? గుమిగూడిన వారినందరిని వెలుపలికి పంపివేశాడు. అయితే పిల్ల తండ్రిని, తల్లిని మాత్రము పంపలేదు. తన ముగ్గురు శిష్యులతోపాటు వారిని వెంటబెట్టుకొని, పిల్ల పరుండియున్న గదిలోనికి వెళ్లాడు. పిల్ల లేచి నడిచిన తరువాత ఆమెకు తినుటకు ఏమైనా పెట్టమని చెప్పాడు.

ఈ వాక్యభాగముపై ప్రసంగములు ఎన్నో విన్నాము. పిల్లను లేపిన మహాకార్యము మీదనే మన దృష్టి నిలుస్తుంది. కాని ఆ గది తలుపు దగ్గర ప్రభువు ఎవరిని ఆపాడు, ఎవరిని లోపలికి తీసుకొనిపోయాడు అన్నది కూడ గమనించవలసిన సంగతి. నేడు మన పట్టణములలో అటువంటి తలుపు ఒకటి ప్రతి పెద్ద ఆసుపత్రిలోను ఉన్నది. దానిమీద ఐ.సి.యు. అని వ్రాసి ఉంటుంది. ఆ తలుపును గూర్చి, దానికి ఇవతల కూర్చున్నవారిని గూర్చి ఈ నెల వ్రాయదలచాము.

చేతులతో పుట్టిన విభాగము

ఐ.సి.యు. అనగానే మనకు యంత్రములు జ్ఞాపకము వస్తాయి. వెంటిలేటరు, మానిటరు, ముక్కులో గొట్టము, చేతికి సూదులు, నిమిషనిమిషానికి మ్రోగే అలారములు. అయితే ఈ విభాగము ఎట్లు పుట్టినదో తెలుసుకొంటే ఆశ్చర్యము కలుగుతుంది.

1952లో డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో వ్యాధి విపరీతముగా వ్యాపించినది. ఊపిరి పీల్చే కండరములు పడిపోయిన రోగులను బ్లెగ్డామ్ ఆసుపత్రికి తెచ్చేవారు. అప్పటి యంత్రములతో చికిత్స చేసిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు మత్తు వైద్యుడైన బ్యోర్న్ ఇబ్సెన్ ఒక ఉపాయము చెప్పాడు. గొంతు దగ్గర చిన్న రంధ్రము చేసి, గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులకు గాలి పంపవచ్చునని ఆయన చూపించాడు. ఆగస్టు 27న ఈ విధముగా ఆయన చికిత్స చేసిన మొదటి రోగి ఎవరో తెలుసా? పండ్రెండేండ్ల బాలిక. ఆమె బ్రదికినది.

కాని సంచి నొక్కవలసినది ఎవరు? దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా పడకల ప్రక్కన కూర్చుండి రాత్రింబగళ్లు, వారాల తరబడి చేతులతో గాలి నొక్కారు. మరుసటి సంవత్సరము 1953లో ఇబ్సెన్ అదే నగరములోని మరియొక ఆసుపత్రిలో ఇటువంటి రోగులకు ప్రత్యేక విభాగము ప్రారంభించాడు. నేటి ఐ.సి.యు.లకు అదే మూలమని చెబుతారు. కావున ప్రియులారా, ఈ విభాగము యంత్రముతో కాదు, పడక ప్రక్కన విడువక కూర్చున్న మనుష్యునితో ప్రారంభమైనది. తరువాత యంత్రములు వచ్చాయి. అవి దేవుడిచ్చిన మేలులే. వాటివలన ఎన్నో ప్రాణములు నిలిచాయి. అయితే యంత్రము వచ్చి కూర్చున్న చోట మనిషి కూర్చునే చోటు లేకుండపోయినది.

తలుపు ఎందుకు మూశారు?

ఆసుపత్రివారు కఠినాత్ములు గనుక తలుపు మూశారని అనుకొనకూడదు. వారికి కారణములున్నాయి. బయటివారితో సూక్ష్మక్రిములు లోపలికి వస్తాయని భయము. అత్యవసర సమయములో నర్సు పరుగెత్తవలసిన దారిలో బంధువులు నిలుచుంటే ప్రమాదము. ప్రక్క పడక రోగికి మరుగు ఉండదు. అన్నిటికంటె, మన దేశములో ఒక రోగిని చూచుటకు ఒకరో ఇద్దరో కాదు, ఊరు ఊరే తరలి వస్తుంది. ఒక వ్యాను నిండా, రెండు ఆటోల నిండా మనుష్యులు దిగితే కాపలాదారు ఏమి చేయగలడు?

ఈ భయములు ఎంతవరకు నిజమో వైద్యులే పరీక్షించి చూచారు. ఇటలీ దేశములో ఫ్లోరెన్స్ నగరపు గుండె జబ్బుల ఐ.సి.యు.లో 226 మంది రోగులతో రెండేండ్లపాటు ఒక పరిశీలన జరిగినది. రెండు నెలలు గట్టి నియమములతో చూపు గంటలు పెట్టారు. మరి రెండు నెలలు, రోగికి ఇష్టమైన సమయములో ఒకరు వచ్చి కూర్చుండనిచ్చారు. ఇట్లు మార్చి మార్చి చూచారు. 2006లో ఫలితము ప్రచురించారు. తలుపు తెరచిన నెలలలో గదిలో క్రిములు కొంత ఎక్కువగా కనబడిన మాట నిజమే. కాని రోగులకు వచ్చిన ఇన్ఫెక్షన్లు పెరగలేదు. గుండెకు, రక్తప్రసరణకు సంబంధించిన చిక్కులు మాత్రము తలుపు మూసిన నెలలలోనే ఎక్కువగా, దాదాపు రెండింతలుగా కనబడినవి. భయపడిన హృదయము కొట్టుకొనే తీరు వేరు, తనవారి చెయ్యి పట్టుకొన్న హృదయము కొట్టుకొనే తీరు వేరు.

బ్రెజిల్ దేశములో ఇంతకంటె పెద్ద పరిశోధన జరిగినది. 36 ఐ.సి.యు.లు, 1,685 మంది రోగులు. ఒక విధానములో కుటుంబసభ్యులు దినమునకు 12 గంటలవరకు రోగివద్ద ఉండవచ్చు. వారికి ముందుగా కొంత బోధ చేసి, ఏమి చేయవచ్చునో ఏమి చేయరాదో నేర్పారు. రెండవ విధానములో మామూలు చూపు గంటలే. 2019లో ఫలితము వచ్చినది. ఇక్కడ నిజము నిజముగానే చెప్పవలెను. రోగుల మతి చలించుట, అనగా వైద్యులు డెలీరియం అనే స్థితి, ఆశించినంతగా తగ్గలేదు. ఒకవైపు నూటికి 18.9, మరొకవైపు 20.1. అది లెక్కించదగిన తేడా కాదన్నారు. అయితే ఇన్ఫెక్షన్లు పెరగలేదు, వైద్య సిబ్బంది అలసట కూడ పెరగలేదు. కుటుంబసభ్యుల ఆందోళన, దిగులు తగ్గినవి. అనగా తలుపు తెరచినందువలన భయపడిన కీడు రాలేదు, కొంత మేలు కలిగినది.

తలుపు ఇవతల జరుగునది

తలుపు ఇవతల కూర్చుండువారి సంగతి కాపరులమైన మేము కండ్లార చూచుచున్నాము. మా సంఘములో ఒక వృద్ధ దంపతులున్నారు. కొంతకాలము క్రిందట ఆయనకు న్యుమోనియా ముదిరి, ఒక పెద్ద పట్టణములోని ఆసుపత్రిలో ఐ.సి.యు.లో చేర్చారు. తొమ్మిది దినములు ఆమె వెలుపల ఇనుప కుర్చీలలో గడిపినది. ప్రొద్దున పది నిమిషములు, సాయంత్రము పది నిమిషములు అద్దములోనుండి చూపేవారు. తలుపు తెరచి "ఏడో నంబరు బెడ్ అటెండరు ఎవరు?" అని కేక వేసినప్పుడెల్ల ఆమె గుండె జారిపోయేది. తీరా చూస్తే మందుల చీటీయో, కౌంటరులో కట్టవలసిన అడ్వాన్సో. రోగి ఎట్లున్నాడని అడిగితే "సీరియస్‌గానే ఉంది, చూస్తున్నాం" అనే ఒక్క మాట.

మేము వెళ్లినప్పుడు ఆమె చేతిలో ఒక కళ్లజోడు ఉన్నది. "అయ్యగారూ, ఆయన కళ్లజోడు నా దగ్గరే ఉండిపోయింది. అది లేకపోతే ఆయనకు మనిషి ముఖం ఆనదు. లోపల ఎవరు కనిపిస్తున్నారో, ఏమి కనిపిస్తుందో" అన్నది. ఆ కళ్లజోడు లోపలికి ఇచ్చుటకు రెండు దినములు పట్టినది. దేవుని కృపవలన ఆయన బ్రదికి బయటపడ్డాడు. తరువాత ఆయన చెప్పిన మాట విని మేము నిశ్చేష్టులమైతిమి. లోపల ఆయన చేతులు కట్టి ఉంచారట. తెల్లబట్టలవారు తనను ఎత్తుకొనిపోయిన దొంగలని ఆయన నమ్మాడు. భార్య ఒక్కసారియైనా దగ్గరకు రాలేదు గనుక, ఆమె చనిపోయినదనియు, ఆ సంగతి తనకు చెప్పుట లేదనియు తలంచి, ఆమె కొరకు లోలోపల దుఃఖించుచు పడియున్నాడు. ఆమెయేమో ఇరవై అడుగుల దూరములో గోడకు ఇవతల ఆయన కొరకు ప్రార్థించుచున్నది!

ఇది ఒక్కరి సంగతి కాదు. ఐ.సి.యు.లోనుండి బయటికి వచ్చినవారిలో కొందరికి నెలల తరబడి బలహీనత, మరపు, పీడకలలు, దిగులు ఉంటాయని వైద్యులు గుర్తించి, దానికి ప్రత్యేకముగా ఒక పేరు కూడ పెట్టారు. అదే బాధ కుటుంబసభ్యులకు కూడ వస్తుందని ఒప్పుకొన్నారు. అనగా మంచముమీద ఒక్కరే ఉన్నా, గాయము ఇంటిల్లిపాదికి తగులుతుంది.

తొమ్మిది నిమిషములు

మాట కూడ ఒక మందే. ఫ్రాన్సు దేశములో 22 ఐ.సి.యు.లలో మరణమునకు సమీపించిన 126 మంది రోగుల కుటుంబములతో ఒక పరిశోధన చేసి, 2007లో ప్రచురించారు. కొన్ని కుటుంబములతో వైద్యులు మామూలుగానే మాట్లాడారు. మిగిలిన కుటుంబములను ఒక గదిలో కూర్చుండబెట్టి, వారు చెప్పినది ఓపికగా విని, వారి దుఃఖమును గుర్తించి, రోగి ఎటువంటి మనిషియో అడిగి తెలుసుకొని, ప్రశ్నలు అడుగనిచ్చారు. దుఃఖమును గూర్చిన చిన్న పుస్తకము కూడ ఇచ్చారు. మామూలు సమావేశము 20 నిమిషములు, రెండవది 30 నిమిషములు. అందులో కుటుంబసభ్యులు మాట్లాడిన సమయము మొదటిదానిలో 5 నిమిషములు, రెండవదానిలో 14 నిమిషములు.

మూడు నెలల తరువాత విచారించగా, మామూలు పద్ధతిలో ఉన్న బంధువులలో నూటికి 69 మందికి ఆ సంఘటన మనసులో గాయమై వెంటాడుచున్న సూచనలు కనబడినవి. రెండవ పద్ధతిలో నూటికి 45 మందికే. ఖరీదైన యంత్రము ఒక్కటియు లేదు. దుఃఖములో ఉన్నవారిని తొమ్మిది నిమిషములు ఎక్కువగా మాట్లాడనిచ్చారు, అంతే. వినుటకు వేగిరపడి, మాటలాడుటకు నిదానించవలెనని యాకోబు వ్రాసిన హితవు (యాకోబు 1:19) ఇక్కడ ఎంత బాగుగా నెరవేరినదో చూడండి.

ఢిల్లీలో తల్లుల పడకలు

ఇవన్నియు ధనిక దేశముల సంగతులు, మన దేశములో సాధ్యమా అని అడుగువారున్నారు. వారికి పసిబిడ్డల వార్డు నుండి జవాబు ఉన్నది. 1978లో కొలంబియా దేశములోని బొగోటా నగరపు ఆసుపత్రిలో ఇన్‌క్యుబేటర్లు చాలక, ఒక్కొక్క పెట్టెలో ఇద్దరు ముగ్గురు శిశువులను ఉంచవలసి వచ్చేది. అప్పుడు డాక్టరు ఎడ్గార్ రే, నెలలు నిండని బిడ్డను తల్లి రొమ్మునకు ఆనించి, చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచే పద్ధతి ప్రారంభించాడు. దానినే కంగారూ తల్లి సంరక్షణ అంటున్నారు.

మొదట బిడ్డ కుదుటపడిన తరువాతనే తల్లికి ఇవ్వవచ్చునని అనుకొనేవారు. కుదుటపడకముందే, పుట్టిన వెంటనే ఇస్తే ఏమగును? దీనిని తెలుసుకొనుటకు మన దేశముతో సహా ఐదు దేశములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన చేసినది. మన దేశములో అది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగినది. అది ప్రభుత్వ ఆసుపత్రి, ఎప్పుడును క్రిక్కిరిసి ఉండేది. అక్కడ శిశువుల ఇంటెన్సివ్ కేర్ లోపలనే తల్లులకు పడకలు వేశారు. మొత్తము 3,211 మంది తక్కువ బరువు శిశువులు. పాత పద్ధతిలో 28 దినములలోపు నూటికి 15.7 మంది చనిపోగా, తల్లి రొమ్మున వెంటనే ఉంచిన వారిలో 12 మంది చనిపోయారు. అనగా నూరుమందిలో దాదాపు నలుగురు ప్రాణములు. మేలు ఇంత స్పష్టముగా ఉన్నందున పరిశోధనను ముందుగానే ఆపివేశారు. ఇది 2021లో ప్రచురింపబడినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని అన్ని దేశములకు సిఫారసు చేసినది. మన కేంద్ర ఆరోగ్య శాఖ అంతకుముందే, 2017లో, నవజాత శిశువుల విభాగములలో తల్లిదండ్రులకు శిక్షణనిచ్చి సంరక్షణలో పాలివ్వవలెనని మార్గదర్శకములు వెలువరించినది.

ఆ తల్లులు చూపులకు వచ్చినవారు కారు. వారే చికిత్సలో భాగము. పిల్లకు తినుటకు పెట్టమని యాయీరు ఇంటివారికి ప్రభువు చెప్పిన మాటను ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి. మహాకార్యము ఆయన చేశాడు, అన్నము పెట్టే పని ఇంటివారికి విడిచిపెట్టాడు.

2020 నేర్పిన పాఠము

కరోనా వచ్చిన 2020, 2021 సంవత్సరములను మనలో ఎవరు మరువగలరు? ఎన్నో కుటుంబములు తమవారిని అంబులెన్సు ఎక్కించుటయే కడసారి చూపు. ఆసుపత్రులు తలుపులు పూర్తిగా మూసివేశాయి. ఆనాడు ఆ భయము అర్థము చేసికొనదగినదే. అయినను ఆ దినములలోనే కొందరు నర్సులు తమ ఫోనులను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రోగి ముఖమునకు ఎదురుగా పట్టుకొని, ఇంటివారి మాట వినిపించారు. ఎవరును లేక చనిపోవుచున్నవారి చెయ్యి పట్టుకొని నిలిచారు. వారికి దేవుడు ప్రతిఫలమిచ్చును గాక. మనిషికి ఊపిరితోపాటు మనిషి కూడ కావలెనని ఆ దినములు లోకమంతటికి నేర్పినవి. గెత్సేమనేలో మన ప్రభువు సహితము తనతోకూడ మెలకువగా ఉండుటకు ముగ్గురిని దగ్గరకు పిలుచుకొన్నాడు గదా.

మంచి ఐ.సి.యు.లు ఏమి చేయుచున్నవి?

అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘము 2007లోను, మరల 2017లోను ఈ విషయమై మార్గదర్శకములు ప్రచురించినది. వాటిలోని ముఖ్యమైన సంగతులు సామాన్యమైన మాటలలో ఇవి:

1. గడియారము చూచి కాక, రోగి స్థితిని, కుటుంబ అవసరతను చూచి దగ్గర ఉండనిచ్చుట.

2. ప్రతిదినము కాకపోయినను, క్రమముగా ఒక వైద్యుడు కుటుంబముతో కూర్చుండి, అర్థమగు మాటలలో పరిస్థితి వివరించుట.

3. చేతులు కడుగుకొనుట నేర్పి, పెదవులు తడుపుట, కాళ్లు ఒత్తుట, తల దువ్వుట వంటి చిన్న పనులలో కుటుంబమునకు పాలిచ్చుట.

4. రోగి మంచము దగ్గర ఒక నోటుపుస్తకము ఉంచి, ఏ దినము ఏమి జరిగినదో నర్సులు, ఇంటివారు వ్రాయుట. కోలుకొన్న తరువాత జ్ఞాపకములేని దినములను రోగి దానిలో చదువుకొంటాడు.

5. ప్రార్థన, విశ్వాసము, మతాచారము విషయములో కుటుంబము కోరితే ఆత్మీయ సహాయకుని పిలిపించుట.

అందరూ వెలుపలికి పోవలసిన సమయము కూడ కలదు. గొట్టము మార్చుచున్నప్పుడు, ప్రక్క పడకలో అపాయము కలిగినప్పుడు వైద్యుడు బయటికి వెళ్లుమంటే వెళ్లవలెను. యొప్పేలో తబితా శవము దగ్గర పేతురు అందరిని వెలుపలికి పంపి మోకాళ్లూనినట్లు చదువుచున్నాము (అపొ. కార్యములు 9:40). కాని పని ముగిసిన వెంటనే అతడు వారిని మరల పిలిచి, ఆమెను వారికి అప్పగించాడు. వెలుపలికి పంపుట తప్పు కాదు, మరల పిలువకపోవుటయే తప్పు.

మన సంఘములకు కొన్ని మాటలు

ఇంతవరకు ఆసుపత్రులను గూర్చి వ్రాశాము. ఇప్పుడు మన వైపు చూచుకొందము. ఆ తలుపు మూయబడుటకు మనవంటివారు కూడ కారణమే. యాయీరు ఇంటిలో వెలుపలికి పంపబడిన గుంపులో ఉండకుండ జాగ్రత్తపడవలెను.

సంఘసభ్యుడు ఆసుపత్రిలో ఉన్నాడని తెలియగానే ముప్పదిమంది తరలిపోవుట ప్రేమ కాదు. ఇద్దరు వెళ్లితే చాలును. మిగిలినవారు ఇంటివద్దనుండి ప్రార్థించవచ్చును. దగ్గు, జలుబు, జ్వరము ఉన్నవారు అసలు వెళ్లకూడదు. లోపలికి వెళ్లినప్పుడు చేతులు కడుగుకొనవలెను. నూనె రాయవలెనన్నా, నోటిలో ప్రభురాత్రి భోజనపు ద్రాక్షారసము పోయవలెనన్నా నర్సును అడుగనిదే చేయరాదు. మ్రింగలేని రోగి గొంతులో చుక్క పడినా ఊపిరితిత్తులకు అపాయము. బిగ్గరగా ప్రార్థించితేనే దేవుడు వింటాడని లేదు. ప్రక్క పడకలో మరియొక తల్లి కుమారుడు నిద్రించుచున్నాడు. హన్నా పెదవులు మాత్రము కదలినవి, స్వరము వినబడలేదు, అయినను ఆమె మనవి అంగీకరింపబడినది (1 సమూయేలు 1:13).

రోగి స్పృహలో లేడనుకొని మంచము దగ్గర బిల్లులను గూర్చి, ఆస్తులను గూర్చి, బ్రదుకుట కష్టమని మాటలాడకూడదు. కోలుకొన్న తరువాత ఆ మాటలు వినబడినవని చెప్పినవారున్నారు. పేరుపెట్టి పిలువండి. నేడు ఏ వారమో, ఇంటిలో ఎవరు ఎట్లున్నారో చెప్పండి. అతనికి ఇష్టమైన కీర్తన మెల్లగా పాడండి. కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు సంగతి మొదటి దినముననే నర్సుకు చెప్పండి. ఎదుట ఉన్నది నర్సో దొంగో తెలియక అల్లాడే మనిషికి అవి చిన్న వస్తువులు కావు.

కుటుంబములో ఒకరిని మాట్లాడు బాధ్యతకు ఏర్పరచుకొనవలెను. వైద్యునితో ఆ ఒక్కరే మాటలాడి, మిగిలినవారికి చెప్పవలెను. పదిమంది పది ప్రశ్నలు వేస్తే ఏ వైద్యుడైనను విసుగుచెందును. అడుగవలసినవి ఒక కాగితముపై వ్రాసికొనండి: జబ్బు ఏమి? ఇప్పుడు చేయుచున్న చికిత్స దేనికొరకు? రేపటికి ఏమి ఆశించుచున్నారు? మేము దగ్గర ఉండి చేయదగిన పని ఏమైనా ఉన్నదా? వినయముగా అడుగువారికి తలుపు ఎక్కువసార్లు తెరవబడును. వైద్యులపై చెయ్యి చేసికొనుట, నర్సులను దూషించుట క్రైస్తవులకు తగదు. వారు కూడ ఎవరో ఒకరి బిడ్డలు, రెండు పూటల డ్యూటీ చేసి నిద్రలేక నిలువబడినవారు.

ఒక కఠినమైన సంగతి కూడ చెప్పక తప్పదు. కొన్ని సమయములలో వైద్యులు, ఇక చికిత్స వలన ప్రయోజనము లేదు, బాధ మాత్రమే పొడిగించుచున్నాము అని చెబుతారు. అప్పుడు సంఘములో కొందరు ఆ భార్యను, ఆ కుమారుని పట్టుకొని "మీకు విశ్వాసము లేదా? మిషను తీయనిస్తారా?" అని గద్దించుట మేము విన్నాము. అది క్రూరత్వము. గొట్టము తీయించుట అవిశ్వాసము కాదు, ఉంచుట విశ్వాసమునకు కొలత కాదు. లాజరును లేపిన దేవునికి వెంటిలేటరు అవసరము లేదు. మన సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పులో, ఘనతతో మరణించుట కూడ మనిషి హక్కులో భాగమని చెప్పి, స్వస్థబుద్ధి గల పెద్దవారు తమ కోరికను ముందుగానే వ్రాసి పెట్టుకొనవచ్చునని అనుమతించినది. 2023లో ఆ విధానమును సులభము చేసినది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీచేతనో గెజిటెడ్ అధికారిచేతనో ధ్రువీకరింపజేసికొనవచ్చును. మన తలిదండ్రులు ఆరోగ్యముగా ఉన్నప్పుడే, భోజనము తరువాత కూర్చుండి, "అటువంటి పరిస్థితి వస్తే మీ ఇష్టమేమి?" అని అడిగి తెలిసికొనుట మేలు. అది అపశకునము కాదు. యాకోబు తనను ఎక్కడ పాతిపెట్టవలెనో తన కుమారులకు ముందుగానే చెప్పలేదా?

ఇక వెలుపల ఇనుప కుర్చీలలో కూర్చున్నవారిని గూర్చి. మనము లోపలికి పోలేకపోవచ్చును, కాని వారి ప్రక్కన కూర్చుండగలము. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు తెరువక నేలమీద కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడ్డవారైరి. యవ్వనస్థుల సమాజము వంతులు వేసికొని, రాత్రి ఒకరు మెలకువగా ఉండి, ఆ తల్లిని రెండు గంటలు నిద్రపోనిస్తే, మందుల చీటీ తాము తీసికొని పరుగెత్తితే, స్త్రీల సమాజము ఒక క్యారేజీ అన్నము పంపితే, ఇంటివద్ద పిల్లలను బడికి పంపితే, అది వెయ్యి ప్రసంగములకు సమానము. ప్రక్క కుర్చీలో వేరొక మతస్థుడు ఉంటే అతనికి కూడ ఆ క్యారేజీలో ముద్ద పెట్టండి.

క్రైస్తవ ఆసుపత్రుల కమిటీలలో ఉన్న పెద్దలకు ఒక మనవి. మన మిషను ఆసుపత్రులు ప్రేమకు పేరుపొందినవి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా సారా కుగ్లర్ వంటివారు, పరదేశీయులైయుండి, మన స్త్రీల మంచము ప్రక్కన కూర్చున్నారు. వారి వారసులమని చెప్పుకొనువారు వారి వలె తలుపు తెరవవలెను. ఐ.సి.యు. వెలుపల ఒక గది, త్రాగు నీరు, స్నానపు గది, దినమునకు ఒకసారి వైద్యుడు వచ్చి కూర్చుండి మాటలాడు నియమము, మంచము ప్రక్కన ఒక స్టూలు. ఇవి కోట్లతో కూడిన పనులు కావు. ఒక్క స్టూలు వేయుటతో మొదలుపెట్టవచ్చును.

సిలువ వేయబడిన చోట రోమా సైనికులు కాపలా ఉన్నారు. వారు దయగలవారు కారు. అయినను మరియయు, ప్రియ శిష్యుడును సిలువయొద్ద, మాట వినబడునంత దగ్గరగా నిలిచియున్నారు (యోహాను 19:25-27). సైనికులు ఇచ్చినంత చోటైనను మన ఆసుపత్రులు మన తల్లులకు ఇవ్వలేవా?

ఈ నెల ప్రార్థనాంశములు

ఐ.సి.యు.లలో ఉన్న రోగుల కొరకు, వారికి భయము తొలగి నెమ్మది కలుగునట్లు. తలుపు ఇవతల కనిపెట్టుచున్న కుటుంబముల కొరకు. నిద్రలేక పనిచేయు వైద్యులు, నర్సులు, ఆయాలు, కాపలాదారుల కొరకు. ఆసుపత్రుల యాజమాన్యములకు దేవుడు మెత్తని హృదయము, తెగువ దయచేయునట్లు. మన సంఘములు గుంపుగా కాక, కుటుంబముగా నిలుచునట్లు.

యాయీరు ఇంటి తలుపు దగ్గర ఎవరిని ఆపవలెనో, ఎవరిని లోపలికి తోడుకొనిపోవలెనో ఎరిగిన ప్రభువు మీకును మీ ఇంటివారికిని తోడైయుండును గాక. ఆమేన్.